నూట నలభై మూడో పేజీ తప్ప

మా పిన్ని ఈ ఊళ్ళో సగంమందికి పిన్నే. నాకు మాత్రం సొంత పిన్ని, మా అమ్మకు తోడబుట్టిన చెల్లెలు. ఈ ముక్క ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఆవిడ దగ్గర నవలలు టైపు చేయించుకునే రచయితలు "పిన్నిగారూ, పిన్నిగారూ" అంటూ నాకన్నా ఎక్కువ చనువు ఒలకబోస్తారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుందని పేరు.

కోర్టు వెనక సందులో, ఒక మూడంతస్తుల మేడ మెట్ల కింద ఆవిడ గది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, జిగురు డబ్బా, బైండింగుకు సూదీ దారమూ, రెండు కుర్చీలు. మూడో మనిషి వస్తే నిలబడాల్సిందే. పైన మెట్లెక్కే కాళ్ళ చప్పుడు విని, తలెత్తకుండానే "వకీలుగారు ఇవాళ కేసు ఓడిపోయినట్టున్నారు" అని చెప్పేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కుర్చీ. పొద్దున అర్జీలు, అద్దె ఒప్పందాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు. మధ్యాహ్నం మూడు దాటాక కథలు, నవలలు. ఆ టైముకి ఫ్లాస్కులోంచి గాజు గ్లాసులోకి టీ ఒంపుకుని, పక్కన పెట్టుకుని మొదలుపెడుతుంది.

ఆవిడకో అలవాటుంది. టైపు చేస్తూ చేస్తూ ఎక్కడ చెయ్యి ఆపి టీ గ్లాసు అందుకుంటే, రాతప్రతిలో సరిగ్గా ఆ వాక్యం పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెడుతుంది. మొదట్లో తను ఎక్కడ ఆగిందో గుర్తుకోసం పెట్టుకున్న చుక్కలవి. పోనుపోను రచయితలు వాటి మర్మం కనిపెట్టారు. చుక్కలు గుంపుగా ఉన్నచోట కథ నీరసంగా ఉన్నట్టు. చుక్కల్లేని అధ్యాయం దొరికితే పండగే.

"మీ కథ బాగుంటే నా టీ చల్లారిపోవాలి. అంతకన్నా నాకు ఇంకేం తెలీదు బాబూ" అంటుంది పిన్ని.

తెలీదంటూనే అన్నీ చెప్తుంది. ఒకసారి ఒక రిటైర్డు ఆఫీసరుగారు లావుపాటి కట్ట తెచ్చారు. ఆవిడ పది పేజీలు కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అయ్యా, సూర్యుడు లేచాడు, పిట్టలు లేచాయి, పాలవాడు లేచాడు. మీ హీరో మాత్రం ఇంకా లేవలేదు. వాడు లేచి ఎవరితోనో పోట్లాడే చోట మొదలుపెట్టకూడదూ?"

"అది వాతావరణమమ్మా" అన్నారాయన, కాస్త నొచ్చుకుని.

"వాతావరణం పోట్లాట మధ్యలో చెప్పండి. కిటికీ రెక్క కొట్టుకుందనండి, చాలు."

ఇంకొకాయన నవలలో అందరూ బాగున్నారా అంటే బాగున్నాం అనుకుంటూనే అధ్యాయాలు గడిపేస్తారు. ఆయనకు చెప్పింది: "ఇద్దరు మాట్లాడుకుంటున్నారంటే ఒకరికి ఏదో కావాలి, రెండోవాళ్ళకి అది ఇవ్వడం ఇష్టం ఉండకూడదు. అది లేకపోతే ఇంతసేపు నేను వేళ్ళు నొప్పెట్టేలా కొట్టడం దేనికి?" రాయడం అయిన మర్నాడే ఉరుకులు పరుగులమీద వచ్చేవాళ్ళను వెనక్కి పంపేస్తుంది. నెల్లాళ్ళు బీరువాలో పెట్టి, తర్వాత తలుపు వేసుకుని పైకి చదువుకోమంటుంది. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ వాక్యం విరగ్గొట్టమంటుంది.

ఇక సొరుగులో ఒక పొడుగు నోటుపుస్తకం ఉంటుంది. అందులో ప్రచురణకర్తల జాతకాలన్నీ ఉంటాయి. ఎవరు పిల్లల పుస్తకాలు మాత్రమే వేస్తారు, ఎవరు మొదటి మూడు అధ్యాయాలే అడుగుతారు, ఎవరు ఆర్నెల్లకుగాని పలకరు, అన్నీ. ప్రేమకథలు వేసేవాళ్ళకు హత్యల నవల పంపి, తిరిగొచ్చిందని ఏడిస్తే ఆవిడకు మా చెడ్డ చిరాకు. కట్ట పైన పెట్టే ఉత్తరం సగం పేజీ దాటకూడదు. కథేమిటి, ఎన్ని పేజీలు, మీరెవరు. అంతే. ఒకాయన "నా శ్రీమతి చదివి కన్నీళ్ళు పెట్టుకుంది" అని రాయించబోతే, "ఆవిడ మీ ఆవిడ, పెట్టుకోక ఏం చేస్తుంది? కొట్టెయ్యండి" అంది.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంటే నాకేం తక్కువ అనుకుంటారేమో. నేను చెప్తే వినే రకం కాదు కదా! పళ్ళ డాక్టరు క్లినిక్కులో కౌంటరు దగ్గర నా ఉద్యోగం. పేషెంటుకూ పేషెంటుకూ మధ్య దొరికిన కాగితం మీదల్లా రాస్తూ ఉంటాను. రెండు నవలలు రాసి, తొమ్మిది చోట్లకు పంపి, తొమ్మిదిసార్లూ వెనక్కి తెచ్చుకున్నాను. మూడోది కూడా తిరిగొస్తే ఇక కలం ముట్టనని క్లినిక్కులో అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాను. నోట్లో దూది పెట్టుకుని కూర్చున్న పేషెంటు కూడా మంచిదన్నట్టు తలూపాడు.

ఆ మూడోదానికి నేను వాడుకున్నది మా ఇంటి కథే. మా తాతయ్య టైలరు. పిన్నికి పంతొమ్మిదేళ్ళప్పుడు వేరే ఊళ్ళో టైపిస్టు ఉద్యోగం దొరికింది. ఆడపిల్లవి ఒంటరిగా ఎలా ఉంటావని తాతయ్య గొడవ చేశాడు. ఇల్లెగిరిపోయేలా అరిచి, చివరికి పిన్నిని బయటికి గెంటేశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అమ్మ ఆ పూట ఇంట్లో లేదు, పక్కింటావిడ నోట విన్నదే ఆమెకు తెలిసింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే తాతయ్య పోయాడు. పిన్ని ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, మేమూ అడగలేదు. నేను మాత్రం టైలరును వడ్రంగిని చేసి, మనుషుల పేర్లు మార్చి, నవల రాసిపారేశాను. పేర్లు మార్చాను కాబట్టి పిన్నికి తెలియదనుకున్నాను. అంతటి తెలివి నాది!

మూడు వారాల్లో టైపు పూర్తయింది. నేను వెళ్ళేసరికి ప్రింటు కట్ట ఒక పక్కన, నా రాతప్రతి ఒక పక్కన సర్దిపెట్టి ఉంది. నేను ముందు చూసింది చుక్కలు. లెక్కపెట్టాను. నలభై ఒకటి.

"నలభై ఒక్క గుక్కలు తాగావా పిన్నీ? ఫ్లాస్కు సరిపోయిందా?"

"రెండోసారి నింపుకున్నాను" అంది తాపీగా. "కోప్పడకే. బాధపడే చోటల్లా వాన కురిపించావు. ఎనిమిది వానలు. చదివేవాడికి జలుబు చేస్తుంది."

నాకు మండుకొచ్చింది. కట్ట లాక్కుని లేచాను.

"ఆగవే, నూట నలభై మూడో పేజీ ఒకసారి చూసుకో, అక్కడ..."

"నా నవలలో ఏ పేజీలో ఏముందో నాకు తెలుసులే!"

అద్దాల తలుపు దడేల్మనేలా వేసి వచ్చేశాను.

ఇంటికొచ్చి చూస్తే ఒక పేజీకి మూల మడతపెట్టి ఉంది. నా విసురుకి నలిగిందనుకున్నాను. ప్రచురణకర్తకు మడతలు, మరకలు లేని కాగితాలు పంపాలని చెప్పింది పిన్నే కదా. ఇస్త్రీపెట్టె వేడిచేసి, ఆ మూల మీద పల్చటి గుడ్డ వేసి, చక్కగా ఇస్త్రీ చేశాను. పేజీలో ఏముందో కన్నెత్తి చూడలేదు. ఒక జిరాక్సు తీయించి దగ్గర పెట్టుకుని, కట్టను పిన్ని పుస్తకంలో చూసిపెట్టుకున్న చిరునామాకే పంపాను, అదొక్కటీ విన్నాను.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. తిరిగొచ్చిన కట్ట కాదు, ఉత్తరం! కౌంటరు వెనక నిలబడే చింపాను. "మీ నవల వెయ్యాలనుకుంటున్నాం. నిజం చెప్పాలంటే చాలాచోట్ల మాకు అనుమానాలున్నాయి. కానీ నూట నలభై మూడో పేజీ చదివాక ఈ పుస్తకాన్ని వదులుకోబుద్ధి కాలేదు" అని రాశారు సంపాదకుడుగారు. దానికి జతగా ఒక హామీపత్రం. "ఈ రచనలోని ప్రతి వాక్యమూ నా సొంతమని" సంతకం చేసి పంపమన్నారు.

ఎగిరి గంతేశాను. డాక్టరుగారు లోపలినుంచి ఎవరికేమయిందని పరుగెత్తుకొచ్చారు. సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఇంతకీ నేనంత గొప్పగా ఏం రాశానా అని నా దగ్గరున్న ప్రతిలో ఆ పేజీ తీశాను.

"అరుపులు అయిపోయాయి. ఆమె సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర చూసుకుంటే ఎడమకాలి చెప్పు పట్టీ ఊడి ఉంది. తండ్రి ఆ చెప్పు తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. చిన్న మేకు ఒకటి ఏరి పట్టీ బిగించాడు. లాగి చూసి, నమ్మకం చాలక ఇంకో మేకు కొట్టాడు. చెప్పు తెచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు. 'దూరం నడవాలి' అన్నాడు. ఆమె వేసుకుంది. అతను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు."

అంతే. తక్కిన పేజీ ఖాళీ. ఇందులో ఒక్క అక్షరం కూడా నాది కాదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని గదికి పరుగెత్తాను. అర్జీ కొట్టించుకుంటున్న మనిషి నా వాలకం చూసి కుర్చీ ఖాళీచేసి మెట్ల మీద కూర్చున్నాడు.

"నా నవలలో నువ్వెలా చెయ్యి పెట్టావు పిన్నీ?"

"చెప్పబోతుంటే విన్నావా? నీ రాతప్రతిలో అక్కడ ఒక పేజీ లేదు. పోయింది. అందుకని అతుకు వేశాను."

అతుకు అంటే ఏమిటో ఆ గదికి వచ్చే రచయితలందరికీ తెలుసు, సొంత మనిషినైన నాకే తెలియదు. రాతప్రతిలో పేజీ తప్పిపోతే పిన్ని పని ఆపదు. ముందూ వెనకా చూసి, సుమారుగా ఏం జరిగి ఉంటుందో తనే నాలుగు ముక్కలు విడి పేజీలో కొట్టి, మూల మడతపెడుతుంది. రచయిత ఆ పేజీ లాగేసి తనది ఇస్తాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క అతుకు కూడా గడప దాటి అచ్చుకు వెళ్ళలేదట.

"మూల మడత చూడలేదూ?"

"చూశాను" అన్నాను. "ఇస్త్రీ చేశాను."

పిన్ని ఒక్క క్షణం నోరెళ్ళబెట్టి, తర్వాత కళ్ళజోడు జారిపోయేలా నవ్వింది. మెట్ల మీద అర్జీ మనిషి కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"నీకెలా తట్టింది ఆ చెప్పు సంగతి?" అన్నాను.

ఆవిడ నవ్వు మెల్లిగా ఆగింది. కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

"నీ వాడు వడ్రంగి కదా, అందుకని మేకు పెట్టాను. మా నాన్న సూదితో కుట్టాడు. తోలుకి బట్టల సూది ఎక్కడ దిగుతుందే? రెండు విరిగాయి. మూడోదానితో కుట్టి, 'దూరం నడవాలి' అన్నాడు."

"తాతయ్య నిన్ను గెంటేశాడన్నారు కదా?"

"గెంటేసేవాడు చెప్పు కుట్టి ఇస్తాడా?" అంది. "అరిచిన మాట నిజమే. పక్కింటావిడకి అరుపులు వినిపించాయి. కుట్టడం ఎలా వినిపిస్తుంది?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు?" అంది. ఇక ఆ మాట పొడిగించలేదు. అర్జీ మనిషిని లోపలికి పిలిచింది.

నా అసలు పేజీ ఏమైందో ఆ వారమే తేలింది. గడియారాల షాపు పెద్దాయన దంతం కట్టించుకోవడానికి వచ్చి, తన ఎక్స్‌రే కవరులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"ఇది నా పన్ను గురించి కాదనుకుంటానమ్మా."

నా చేతిరాతే! ఆకాశం గర్జించింది, మెరుపులు చీల్చుకున్నాయి, ఆమె గుండె వెయ్యి ముక్కలైంది, వాన ఆమె కన్నీళ్ళతో పోటీపడింది. పేజీ నిండా అదే.

"చదివారా?" అన్నాను.

"చదివాను. పాపం, గొడుగు ఇచ్చి ఉండాల్సింది" అన్నాడాయన, ఎంతో సానుభూతిగా.

ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. నాది పెడితే నవల పోతుంది, ఆ మాట సంపాదకుడు ముందే రాశాడు. పిన్నిది ఉంచితే ప్రతి వాక్యమూ నాదేనని అబద్ధపు సంతకం చెయ్యాలి. పిన్నినడిగితే తేలిగ్గా తీసిపారేసింది. "ఒక్క పేజీకి ఇంత రాద్ధాంతమా? సంతకం పెట్టి పంపెయ్. ముప్ఫై ఏళ్ళలో ఎంతమందికి ఎన్ని కామాలు పెట్టాను, అవన్నీ నావేనని దండోరా వేశానా?"

కామాలు వేరు. ఇది వాళ్ళ నాన్న చివరిసారి తనతో అన్న మాట. దాన్ని నా పేరు కింద ఎలా అచ్చు వేయించుకోను? సిగ్గుండాలి కదా మనిషికి. తొమ్మిదిసార్లు తిరిగొచ్చిన దానికి పదోసారి కొత్తా? హామీపత్రంలో "ప్రతి వాక్యమూ నా సొంతం" పక్కన, "నూట నలభై మూడో పేజీ తప్ప" అని రాసి, సంతకం చేసి, సంపాదకుడుగారికి ఫోను చేశాను. ఇస్త్రీ సంగతితో సహా చెప్పేశాను.

అవతల చాలాసేపు దగ్గు వినిపించింది.

"సలహాలు తీసుకోవడం మామూలేనమ్మా. పేజీకి పేజీ ఇంకొకరిదంటే మేం ఆలోచించుకోవాలి" అని పెట్టేశారు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను మనిషిని కాను. పంపిన కథ గురించి ఆలోచించకుండా కొత్తది మొదలుపెట్టాలన్నది పిన్ని సూత్రం. నా వల్ల అయితేగా! రూట్‌కెనాల్ పేషెంటుకు పళ్ళు తోమే బ్రష్షు ఇచ్చి పంపేశాను. పన్ను పీకాల్సినాయనకు వచ్చే ఏడాది తారీఖు రాసిచ్చాను, ఆయన మహా సంతోషంగా వెళ్ళిపోయాడు.

పదో రోజు ఉత్తరం వచ్చింది. పుస్తకం వేస్తారు. ఆ పేజీ రాసినావిడ అనుమతిపత్రం కావాలి, పుస్తకం మొదట్లో ఆమె సంగతి రెండు ముక్కలు వేస్తారు. ఇక్కడిదాకా చదివి మళ్ళీ గంతెయ్యబోయాను. కింద ఇంకో మాట ఉంది. "నూట నలభై మూడో పేజీలోని తండ్రి, ఆ తర్వాత మీరు రాసిన తండ్రి ఒక్కడు కాడు. చెప్పు బాగుచేసినవాడు ఆ తర్వాత అంత కర్కోటకుడు కాలేడు. ఎవరు నిజమో తేల్చుకుని, మిగతాది తిరగరాసి పంపండి."

ఎవరు నిజమో నాకు తెలుసు.

నెలన్నర పాటు తెల్లవారకముందే లేచి రాశాను. ఈసారి చెప్పింది విన్నాను. ఎనిమిది వానల్లో ఏడింటిని తీసేశాను, ఒకటి మాత్రం బట్టలు ఆరెయ్యాల్సి వచ్చి ఉంచాను. వంటింట్లో నిలబడి పైకి చదువుకున్నాను. ప్రతి కాగితానికీ అంకె వేశాను. తండ్రి చేత అరిపించాను, ఆ అరుపు వెనక భయం ఉందని నాకిప్పుడు తెలుసు కాబట్టి అరుపులు కురచగా వచ్చాయి. పిన్ని పేజీని మాత్రం ముట్టుకోలేదు. నా రాతకాగితాల మధ్యలో, ఇస్త్రీ చేసిన పేజీకి జిరాక్సుగా నా దగ్గరున్న కాగితాన్ని ఉన్నదున్నట్టు పెట్టి, కట్ట పట్టుకెళ్ళి పిన్నికి ఇచ్చాను.

పది రోజులకు పిన్ని కబురు పెట్టింది. వెళ్ళేసరికి పని అయిపోయింది. అనుమతిపత్రం తనే టైపు చేసుకుని, సంతకం పెట్టి పైన పెట్టింది. పక్కన టీ గ్లాసు నిండుగా ఉంది, పైన మీగడ కట్టి. నేను రాతప్రతి కట్ట అందుకుని చుక్కలకోసం గబగబా తిప్పాను. యాభై పేజీలు, లేదు. వంద పేజీలు, లేదు. కట్ట చివరిదాకా తిప్పితే మొత్తం మీద ఒకే ఒక్క చుక్క కనిపించింది. అది నూట నలభై మూడో పేజీలో, "దూరం నడవాలి" అన్న మాట పక్కన ఉంది.

నాకు భలే సరదా వేసింది. ఇన్నేళ్ళకు దొరికింది కదా!

"పిన్నీ! నావి అన్నీ వదిలేసి, నువ్వు రాసిన పేజీ దగ్గరే ఆపావేమిటి? నీది నీకే విసుగొచ్చిందా?"

"విసుగేమిటే?" అంది పిన్ని, ప్రింటరులో కాగితాలు సర్దుతూ, నా వైపు తిరక్కుండా. "టీ ముట్టుకున్నానా, చూడు, అలాగే ఉంది. కళ్ళజోడు మసకేసింది, తీసి తుడుచుకున్నాను. చెయ్యి ఆపాను కాబట్టి చుక్క పెట్టాను. పద్ధతి పద్ధతే కదా."